ఆనెగొంది రేవు – తుంగభద్రలోని శిలాసేతువు

హంపీ విఠ్ఠలాలయమునకు సమీపమున, పురందరదాస మంటపమునకు చేరువగా, తుంగభద్రలో వరుసలు తీరి నిలిచిన రాతికంబములు కలవు. ఇవి విజయనగరకాలపు వంతెన శేషములు. ఇందు కమానులు లేవు. కంబము, దానిపై దూలము, అంతియే. దేవాలయ మంటపమును కట్టిన పద్ధతితోనే శిల్పులు నదిని దాటింపబూనిరి. పైనడక నేడు నశించినది.

ఈ రేవును గూర్చిన ముఖ్యసాక్ష్యము పోర్చుగీసు యాత్రికుడగు డొమింగో పేయస్‌ది. క్రీ.శ. 1520 ప్రాంతమున ఆతడు చూచి వ్రాసిన దానిని రాబర్టు స్యూయెలు 1900లో ఆంగ్లమున ప్రకటించెను. ఆనెగొంది పూర్వరాజధాని యనియు, అప్పటికచట జనము స్వల్పమనియు పేయస్ చెప్పుచున్నాడు. అచటికి జనులు బుట్టలవలె గుండ్రనైన పడవలలో దాటుదురట. లోపల బెత్తము, వెలుపల తోలు, పదునైదిరువదిమంది పట్టుదురు, గుఱ్ఱములు, ఎద్దులు చాలవరకు ఈదియే పోవును. ఇవి మన పుట్లే, హరిగోలన్నను ఇదియే.

పేయస్ ఇచట వంతెన మాట యెత్తలేదు. ఇంతమాత్రమున వంతెన అప్పటికి లేదనుట సాహసమని మా యభిప్రాయము. యాత్రికుడు తనకు వింతయైన దానిని వ్రాయును. పోర్చుగీసువానికి వంతెన వింత కాదు, తిన్నగా పోక గిరగిర తిరుగు పుట్టి వింత. అయినను రాజ్యమందలి యేళ్లలో ఈ పడవలు తప్ప వేఱు లేవని ఆతడు నొక్కి చెప్పుటను బట్టి, నిత్యము జనమును దాటించినది పుట్టియే యని తలంపవచ్చును.

రేవుబాటపై నున్న కోటవాకిలికి తలారిగట్టు అని పేరు. తలారి కావలివాడని తెలుగువారికి చెప్పనక్కఱలేదు.

హంపీ 1986లో యునెస్కో ప్రపంచవారసత్వ పట్టికకెక్కినది. ఈ పరిసరముననే రెండు వేలాడు వంతెనల నిర్మాణము కారణముగా 1999లో ప్రమాదస్థితి పట్టికలో చేరి, 2006లో వెలువడినది. ఆనెగొందివైపు కట్టుచున్న వంతెన 2009 జనవరిలో కూలగా పలువురు పనివారు మరణించిరి. ఆవలియొడ్డు పల్లెవారికి బడికిని సంతకును దారి కావలెననుట న్యాయము. ఆ దారి పురాతన దృశ్యమును చెఱుపరాదనుటయు న్యాయమే. ఈ రెంటి నడుమ నలిగినది రేవు.

కంబములకు శాసనరక్షణ కలదు. పుట్టి నడపువాని మాటలకు లేదు. పుట్టి అల్లిక, తెడ్డు, సుడి, లోతు మొదలగు వానికి తుంగభద్రాతీరమున, కర్నూలు వైపున, పడవవారు వాడు పదములను పరిశోధక విద్యార్థులు ఇప్పుడే సేకరింపవలెనని మా కోరిక.