పన్నెండు పెట్టెల బ్యాలెట్

యంత్రం చేసేవాడు వాడేవాడిని ముందే ఊహించుకుంటాడు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ రైతులు ఆ ఊహకు అందలేదు. పసుపు బోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర ఇవ్వాలని అడిగి అడిగి విసిగిపోయి, 170 మందికి పైగా పోటీకి దిగారు. నామినేషన్ పత్రాన్నే అర్జీగా వాడారన్నమాట.

బరిలో మొత్తం 185 మంది. పాత రకం ఈవీఎం 64 పేర్ల దగ్గరే ఆగిపోతుంది. దాంతో ఎన్నికల సంఘం ఎం3 యంత్రాలు తెప్పించి, బోధన్ నుంచి జగిత్యాల దాకా ప్రతి బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టించింది.

ఇది కొత్తేం కాదు. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోస చెప్పుకోడానికి జనం పోటీచేస్తే, 480 పేర్లతో బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఆ ఏడాదే డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. 2019 నాటికి 25,000. రైతులు అదీ కట్టారు.

యంత్రం మారడానికి రెండు వారాలు చాలాయి. పసుపు బోర్డు మాత్రం 2025 జనవరిలో గానీ మొదలవలేదు.