110 గీత

ఒక ఐసీయూలో ప్రాణాలు నిలిపిన అంకె, 42 ఆస్పత్రులకు పాకేసరికి చేటు తెచ్చింది. ఆ చిక్కుముడి విప్పడానికి 22 ఏళ్లు పట్టింది.

లూవెన్, బెల్జియం. 2000 సంవత్సరం, ఫిబ్రవరి.

గాస్ట్‌హౌస్‌బెర్గ్ గుట్ట మీద యూనివర్సిటీ ఆస్పత్రి. సర్జికల్ ఐసీయూలో అర్ధరాత్రి దాటింది. గుండె ఆపరేషన్ అయిన మనిషి మత్తులో ఉన్నాడు, వెంటిలేటర్ ఊపిరి పోస్తోంది. నైట్ డ్యూటీ నర్సు అతని ధమనిలో అమర్చిన గొట్టం నుంచి కాస్త రక్తం తీసి మిషన్‌లో పెట్టింది. షుగర్ 148.

నిన్నమొన్నటి దాకా ఈ అంకె చూసి ఎవరూ కుర్చీలోంచి లేచి ఉండరు. ఇప్పుడలా కాదు. మంచం పక్కన సిరంజి పంపు ఉంది. అందులో 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో 50 యూనిట్ల ఇన్సులిన్. ఆమె పంపు వేగం కొంచెం పెంచింది. గంట తర్వాత మళ్లీ రక్తం, మళ్లీ అంకె, మళ్లీ పంపు. 80కి తగ్గకూడదు, 110 దాటకూడదు.

ఈ నర్సు, ఈ రోగి ఫలానా మనుషులు కారు. ఆ రోజుల్లో అక్కడ నడిచిన అధ్యయనం నియమాలను బట్టి అల్లిన దృశ్యం ఇది. ఆ నియమాలు రాసిన డాక్టర్ మాత్రం ఉన్నారు. ఆమె పేరు గ్రీట్ వాన్ డెన్ బెర్గ్.

గాయానికి తీపి

ఆపరేషన్ అంటే ఒంటికి గాయమే. కత్తి పట్టింది సర్జనో శత్రువో శరీరానికి తెలియదు. అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ హార్మోన్లు ఎగసిపడతాయి. కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. పుట్టి బుద్ధెరిగాక షుగర్ జబ్బే లేని మనిషికి కూడా రీడింగ్ 200 దగ్గరికి వెళ్తుంది. గాయంతో పాటు చక్కెర పెరగడాన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్ 19వ శతాబ్దంలోనే గమనించాడు.

కష్టకాలంలో మెదడుకూ గాయానికీ ఇంధనం కావాలి కాబట్టి శరీరం కావాలనే పెంచుకుంటోంది, మనం వేలు పెట్టడం దేనికి? డాక్టర్ల లోకంలో చాలాకాలం నడిచిన నమ్మకం అదే. 215 దాటితేనే ఇన్సులిన్, 180–200 మధ్య ఉంచితే చాలు.

వాన్ డెన్ బెర్గ్ అనుమానం వేరే చోట మొదలైంది. ఆపరేషన్ బాగానే జరుగుతుంది. కానీ కొందరు రోజుల తరబడి ఐసీయూలోనే ఉండిపోతారు. రక్తంలో ఇన్ఫెక్షన్, ఆగిపోయే కిడ్నీలు, చచ్చుబడే నరాలు. అసలు జబ్బు వదిలినా ఇవి వదలవు. రోజుల కొద్దీ చక్కెరలో నానుతున్న రక్తానికి ఇందులో పాత్ర లేదా?

అది తేల్చడానికే ఆ అధ్యయనం. మొత్తం 1,548 మంది రోగులు. అందరూ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లే, ఎక్కువ మంది గుండె ఆపరేషన్ అయినవాళ్లు. వారిలో ముందునుంచీ షుగర్ ఉన్నవాళ్లు 13 శాతమే. సగం మందికి పాత పద్ధతి, సగం మందికి 80–110. ఎవరు ఏ వైపో లాటరీయే తేల్చింది.

ముందే ఆపేసిన పరీక్ష

అనుకున్నది 2,500 మందితో. మధ్యమధ్యలో లెక్కలు తీస్తూ వచ్చారు. నాలుగోసారి తీసినప్పుడు తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, ఇక సగం మందిని పాత పద్ధతిలో ఉంచడం ధర్మం కాదనిపించింది. 2001 జనవరిలో అధ్యయనం ఆపేశారు.

పాత పద్ధతిలో ఐసీయూలో చనిపోయినవారు 63 మంది, 8 శాతం. కొత్త పద్ధతిలో 35 మంది, 4.6 శాతం. రక్తంలో ఇన్ఫెక్షన్లు 46 శాతం తగ్గాయి. డయాలసిస్ దాకా వెళ్లిన కిడ్నీ కేసులు 41 శాతం తగ్గాయి. అయిదు రోజులు దాటి ఐసీయూలో ఉన్నవాళ్లలోనే మేలు ఎక్కువ. ఇందుకు వాడింది అప్పటికి దాదాపు 80 ఏళ్లుగా ప్రపంచమంతా దొరుకుతున్న ఇన్సులిన్.

2001 నవంబరులో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఫలితాలు అచ్చయ్యాయి. ఐసీయూల్లో 110 గీత మంత్రమైంది. 2004లో అమెరికా ఎండోక్రినాలజిస్టుల సంఘాలు సైతం ఐసీయూలో షుగర్‌కు 110నే హద్దుగా చెప్పాయి.

ఆ వ్యాసంలోనే ఇంకో అంకె కూడా ఉంది. షుగర్ 40కి గానీ ఇంకా కిందికి గానీ పడిపోయినవారు పాత పద్ధతిలో ఆరుగురు, కొత్త పద్ధతిలో 39 మంది. ఆ సంబరంలో దీని మీద పెద్దగా ఎవరి చూపూ నిలవలేదు.

కనబడని పతనం

ఇంట్లో ఉన్న మనిషికి షుగర్ పడిపోతే చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. పక్కవాళ్లు పంచదార తెచ్చి నోట్లో పోస్తారు. మత్తులో వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఏ గుర్తూ ఇవ్వడు. గ్లూకోజ్ మీదే బతికే మెదడు లోపల్లోపల అలమటిస్తున్నా మంచం నిశ్శబ్దంగానే ఉంటుంది. బయటపెట్టేది మిషన్ ఒక్కటే. అదీ ఎవరో ఒకరు రక్తం తీసి చూస్తేనే.

జర్మనీలో సెప్సిస్ రోగుల మీద ఇదే పద్ధతి ప్రయత్నించారు. షుగర్ ప్రమాదకరంగా పడిపోయినవారు 17 శాతం, మామూలు పద్ధతిలో 4.1 శాతం. భయపడి ఆ అధ్యయనంలో ఇన్సులిన్ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. 2006లో వాన్ డెన్ బెర్గ్ బృందం ఆపరేషన్ కాని 1,200 మంది రోగుల మీద పరీక్షిస్తే, మొత్తం మీద మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అసలు దెబ్బ 2009 మార్చిలో పడింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, అమెరికాల్లోని 42 ఆస్పత్రులు. 6,104 మంది రోగులు. ‘నైస్–షుగర్’ అని పేరు పెట్టుకున్న ఆ అధ్యయనంలో సిడ్నీ డాక్టర్ సైమన్ ఫిన్ఫర్‌ది ముఖ్య పాత్ర. ఒకవైపు 81–108, ఇంకోవైపు 180కి లోపు ఉంటే చాలు. తొంభై రోజులకు లెక్క చూస్తే, గట్టిగా అదుపు చేసినవారిలో 829 మంది లేరు. వదులుగా ఉంచినవారిలో 751. అంటే 27.5 శాతం, 24.9 శాతం. ఆపరేషన్ అయినవాళ్లను విడిగా చూసినా మేలు కనబడలేదు. షుగర్ 40కి గానీ ఇంకా కిందికి గానీ పడినవారు గట్టి అదుపు వైపు 206 మంది, ఇంకోవైపు 15 మంది.

ఒకే మందు, దాదాపు ఒకే గీత. లూవెన్‌లో బతికించింది, బయట ముంచింది.

బాటిల్‌లో జవాబు

ఎవరూ అబద్ధం చెప్పలేదు. తేడాలు గీతకు అటూ ఇటూ ఉన్నాయి. లూవెన్‌లో ఒకటే ఐసీయూ, ఒకే బృందం, ధమని రక్తాన్నే కచ్చితంగా కొలిచే మిషన్. 42 చోట్ల రకరకాల మీటర్లు. వాపు, షాక్, రక్తహీనత ఉన్న రోగికి వేలి చివర గుచ్చి స్ట్రిప్ మీద చూస్తే రీడింగ్ తప్పే ప్రమాదం ఉంది. తప్పు రీడింగ్ నమ్మి ఇన్సులిన్ పెంచితే మనిషి లోయలోకే.

పోల్చి చూసిన రెండో వైపు కూడా ఒకటి కాదు. లూవెన్ పాత పద్ధతిలో 215 దాకా వదిలేశారు. నైస్–షుగర్‌లో 180 దగ్గరే పట్టుకున్నారు, వాళ్ల సగటు 144 దగ్గర నిలిచింది. అంటే ఫిన్ఫర్ బృందం పోల్చింది అదుపు తప్పిన చక్కెరతో కాదు, ఓ మోస్తరు అదుపుతో.

అన్నిటికన్నా పెద్ద అనుమానం సెలైన్ స్టాండ్ మీద వేలాడుతోంది. లూవెన్‌లో రోగి ఐసీయూకి చేరగానే నరం ద్వారా రోజుకు 200–300 గ్రాముల గ్లూకోజ్ ఎక్కించేవారు. మర్నాటినుంచి అలాగే నరం ద్వారా ఆహారం. ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తోడినట్టు. అలా పోసిన చోట ఇన్సులిన్‌తో తోడేయడం మేలు చేసి ఉండొచ్చు. తక్కువ పోసే చోట తోడటానికి ఏముంది?

దీన్నీ లూవెన్ వాళ్లే పరీక్షకు పెట్టారు. 2011లో 4,640 మంది మీద చేసిన అధ్యయనంలో, నరం ద్వారా ఆహారం వారం దాకా ఆపితేనే రోగులు త్వరగా కోలుకుంటున్నారని తేలింది. ఆ తర్వాత అసలు ప్రశ్నకు తిరిగొచ్చారు. బెల్జియంలోని మూడు ఆస్పత్రులు, 9,230 మంది, ఎవరికీ మొదట్లో నరం ద్వారా ఆహారం లేదు. ఒక వైపు 80–110. ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో కంప్యూటర్ ప్రోగ్రామ్ చెబుతుంది. రెండో వైపు 215 దాటితేనే ఇన్సులిన్. యాన్ గున్స్ట్ ముందుండి నడిపిన ఈ అధ్యయనం 2023లో వెలువడింది. షుగర్ ప్రమాదకరంగా పడిపోయినవారు గట్టి అదుపు వైపు 1 శాతం, రెండో వైపు 0.7 శాతం. పతనాన్ని దాదాపు జయించారు. కానీ మరణాలు 10.5 శాతం, 10.1 శాతం. ఐసీయూలో ఉన్న రోజుల్లోనూ తేడా లేదు.

తనకు పేరు తెచ్చిన గీతను, అదే ఆస్పత్రి మొదటిదానికి దాదాపు ఆరు రెట్లు పెద్ద అధ్యయనంతో తిరగేసి చూసింది. ఈ కథలో ఇన్సులిన్ కన్నా గొప్పది అదే.

ఇప్పుడు ఎక్కడున్నాం

2009 తర్వాత మార్గదర్శకాలు మారాయి. 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టి 140–180 మధ్య ఉంచడం ఐసీయూల్లో వాడుకైంది. 2024లో అమెరికా క్రిటికల్ కేర్ సొసైటీ కూడా 80–139కి దించే ప్రయత్నం వద్దనే సూచించింది. ఇన్సులిన్ డ్రిప్ కుదుటపడే దాకా గంటకోసారైనా షుగర్ చూడమంది.

మన ఆస్పత్రుల్లో ఐసీయూ తలుపు దగ్గర తరచూ వినబడే ప్రశ్న ఒకటుంది. ‘మా నాన్నకు అసలు షుగరే లేదు కదా డాక్టర్ గారూ, ఇన్సులిన్ ఎందుకిస్తున్నారు?’ జవాబు ఆపరేషన్‌లోనే ఉంది. పెరిగిన షుగర్ గాయానికి ఒళ్లు పలికిన మాట. చాలామందికి గాయం మానేకొద్దీ తగ్గుతుంది, కొందరిలో దాగి ఉన్న షుగర్ జబ్బును బయటపెడుతుంది కూడా. అందుకే డిశ్చార్జి అయ్యాక ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇంకొందరు 165 చూసి ‘ఇంకా నార్మల్ కాలేదట’ అని బెంగపడతారు. ఆ అంకెను అక్కడ ఉంచాలనే ఉంచుతున్నారు. ఇంటి దగ్గర షుగర్ ఉన్నవాళ్లకు వేసే లెక్క వేరు, ఐసీయూ లెక్క వేరు. బెంగ పక్కనపెట్టి అడగాల్సినవి రెండున్నాయి. ఎంతసేపటికోసారి చూస్తున్నారు? పడిపోతే వెంటనే పట్టుకునే మనిషి మంచం దగ్గర ఉన్నారా? ఆ రెండూ సరిగా ఉన్న చోటే ఏ గీతైనా పని చేస్తుంది.