ఊదమ్మా... ఇంకా ఊదు

హైదరాబాద్‌లో మే నెల పొద్దు. తొమ్మిదింటికల్లా ఊపిరితిత్తుల విభాగం ముందు వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. అందరూ దగ్గుతున్నారు. కాసేపు చెవి పెట్టి వింటే ఆ దగ్గుల్లో తేడాలు తెలుస్తాయి. కఫంతో వచ్చే దగ్గు బరువుగా, తడిగా ఉంటుంది. మీ పక్కన కూర్చున్న ఆమెది మాత్రం పొడి దగ్గు. నిండా గాలి పీల్చుకోబోయిన ప్రతిసారీ మధ్యలోనే తెగ్గొడుతోంది.

ఆమెకు యాభై రెండేళ్లు. నల్గొండ వైపు నుంచి తెల్లారుజామున బస్సెక్కి వచ్చింది. కొడుకు చేతిలో ఉన్న కవర్లో రెండేళ్ల చీటీలు, ఎక్స్‌రేలు, రెండు ఇన్‌హేలర్లు. మొదట ఉబ్బసం అన్నారు. తగ్గలేదు. తర్వాత టీబీ కావచ్చని ఆరు నెలలు మాత్రలు మింగించారు. కఫంలో టీబీ క్రిమి ఒక్కసారీ కనబడలేదు. ఆయాసం మాత్రం నెలనెలా పెరిగింది.

ఆమె పేరు పిలుస్తారు. మీరూ లోపలికి వెళ్లండి.

"ఏమవుతుందమ్మా?" అంటుంది డాక్టరమ్మ.

"మెట్లెక్కితే కూసోవాలె మేడం. మాట్లాడుతుంటే మాట నడుమనే గాలి అయిపోతది. బిందె ఎత్తుడు బందు జేసిన."

డాక్టర్ ముందు ఆమె చేతులు అందుకుంటుంది. "రెండు చూపుడు వేళ్ల గోళ్లూ ఒకదానికొకటి ఆనించమ్మా" అంటుంది. మీరూ ఆనించి చూడండి. ఆరోగ్యంగా ఉన్న గోళ్ల మొదళ్ల మధ్య చిన్న వజ్రం ఆకారంలో సందు కనబడి, అందులోంచి వెలుతురు వస్తుంది. ఆమె వేళ్ల మధ్య ఆ సందు లేదు. వేలి కొనలు ఉబ్బి, గోళ్లు వంపు తిరిగాయి. లియో షామ్రోత్ అనే దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు 1976లో ఈ గుర్తును తన వేళ్ల మీదే గమనించి రాశాడు. ఈ వంపు ఊపిరితిత్తుల జబ్బులు కొన్నింటిలోనూ, గుండె జబ్బులు కొన్నింటిలోనూ వస్తుంది. ఉబ్బసంలో సాధారణంగా రాదు. రెండేళ్లుగా ఆమె చేతుల మీదే ఉన్న ఆధారం ఇది.

తర్వాత స్టెతస్కోపు వీపు మీద, పక్కటెముకల అడుగు భాగాన ఆనుతుంది. "గట్టిగా గాలి పీల్చమ్మా." డాక్టర్ ఆ గొట్టాలు మీకిస్తుంది. వినండి. ఊపిరి లోపలికి పోతుండగా మొదట మామూలు చప్పుడే. చివర్లో, చెప్పుల వెల్క్రో పట్టీని మెల్లగా ఊడదీసినట్టు సన్నటి చిరచిర. బిగుసుకుపోయి మూసుకున్న చిన్నచిన్న గాలి మార్గాలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న చప్పుడది.

డాక్టర్ ప్రశ్నలు మొదలుపెడుతుంది. పొద్దంతా ఏం పని చేస్తావు? కట్టెల పొయ్యా, గ్యాసా? ఇంట్లో, పక్కింట్లో పావురాలున్నాయా? గోడలకు బూజు పడుతుందా? కీళ్ల నొప్పులున్నాయా? చన్నీళ్లలో చేయి పెడితే వేళ్లు తెల్లబడతాయా? పావురాల దగ్గర్నుంచి అన్నిటికీ అడ్డంగానే తల ఊగుతోంది.

"కూలర్ ఉందా?"

"ఉంది మేడం. నా మంచం పక్కకే. ఉగాది కాన్నుంచి వానలు పడేదాకా రాత్రంతా నడుస్తది."

"దానిలో గడ్డి ఎప్పుడు మార్చారు?"

తల్లీకొడుకులు ముఖాలు చూసుకుంటారు. "కొన్నప్పటి గడ్డే మేడం" అంటాడు కొడుకు.

డాక్టర్ ఆ మాటను చీటీలో రాసి, కింద గీత గీస్తుంది. మన దేశంలో ఊపిరితిత్తుల కణజాలపు జబ్బుల మీద 27 కేంద్రాలు కలిసి చేసిన నమోదు ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అందులోని 1,084 మంది రోగుల్లో దాదాపు సగం మందిది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పీల్చిన బూజు రేణువులు, పక్షుల ఈకల పొడి వంటివి ఒంటికి పడక, ఊపిరితిత్తులు వాచి, క్రమంగా మచ్చలు కట్టే జబ్బు ఇది. ఆ సగం మందిలో మళ్లీ సుమారు సగం మంది కూలర్ గాలి పీల్చినవాళ్లే. ఏళ్ల తరబడి తడిసి నానిన గడ్డిలో బూజు పెరుగుతుంది. ఫ్యాను దాన్ని రాత్రంతా మంచం మీదికి ఊదుతుంది.

ఇప్పుడు పక్క గదికి రండి. టెక్నీషియన్ ఆమె ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం పెదవుల మధ్య బిగించమంటాడు. "నిండా పీల్చమ్మా... ఇంకా... ఇప్పుడు ఒక్కసారిగా ఊదు! ఊదమ్మా, ఊదు, ఆపకు, ఇంకా ఊదు..." అతని గొంతు వరండా దాకా వినబడుతోంది. తెర మీద గీత నిటారుగా లేచి, అంతే వేగంగా కిందికి దిగిపోతుంది. ఆమె కళ్లలో నీళ్లు, ఆ వెంటే దగ్గు తెర. ఒక్కసారితో అయ్యేది కాదు. కాసేపు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, సరైన ఊదులు మూడు వచ్చేదాకా మళ్లీ చేయిస్తారు.

ఊపిరిని ఇలా కొలిచే స్పైరోమీటర్‌ను జాన్ హచిన్‌సన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1846లో లోకానికి పరిచయం చేశాడు. యంత్రాలు ఎన్ని మారినా అందులోని సూత్రం నేటికీ తేటగానే ఉంది. ఈమె వయసుకు, ఎత్తుకు సుమారు 2.2 లీటర్ల గాలి బయటికి రావాలి. వచ్చింది 1.2 లీటర్లు. కానీ అందులో 88 శాతం మొదటి సెకనులోనే వచ్చేసింది. ఉబ్బసంలో గాలి గొట్టాలు ఇరుకై ఊపిరి నెమ్మదిగా బయటికి వస్తుంది, కాబట్టి ఈ శాతం పడిపోతుంది. ఇక్కడ గొట్టాలు తెరిచే ఉన్నాయి. ఊపిరితిత్తే సాగడం లేదు. పట్టే గాలే తక్కువ. ఈ తరహా జబ్బులనే రిస్ట్రిక్టివ్ జబ్బులంటారు. గొట్టాలను విప్పే ఇన్‌హేలర్లు రెండేళ్లపాటు ఎందుకు పని చేయలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

నిర్ధారణకు ఆమెను గాజు తలుపుల పెట్టెలో కూర్చోబెట్టి ఊపిరితిత్తుల మొత్తం సామర్థ్యం కొలుస్తారు. ఉండాల్సినదానిలో 62 శాతమే ఉంది. సాధారణంగా 80 కంటే తగ్గితే అనుమానించాలి. తర్వాత అతి కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని పీల్చి పది సెకన్లు బిగబట్టమంటారు. గాలి తిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత దాటుతుందో దీంతో తెలుస్తుంది. ఆమెకు ఉండాల్సినదానిలో 41 శాతమే. మనలో 30 కోట్లకు పైగా గాలి తిత్తులుంటాయి. వాటి గోడలు ఎంత పలుచగా ఉంటే ప్రాణవాయువు అంత సులువుగా దాటుతుంది. ఆమెలో ఆ గోడలు మందమయ్యాయి.

ఇక ఆరు నిమిషాల నడక. 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ, వేలికి ఆక్సిమీటర్ తగిలించుకుని. కూర్చున్నప్పుడు 96 చూపిన ప్రాణవాయువు శాతం నాలుగో నిమిషానికి 86కు జారింది. కూర్చోబెట్టి మాత్రమే చూసి ఉంటే ఈ తగ్గుదల దొరికేది కాదు.

ఆమె నడుస్తుండగా బెంచీల మీద ఉన్నవాళ్లను చూడండి. ఊపిరి బిగుసుకోవడానికి ఎన్ని దారులున్నాయో ఈ వరండాలోనే కనబడుతుంది. ఆ చివర కూర్చున్న నలభై ఏళ్ల మనిషి పలుగురాళ్లను పిండి చేసే మిల్లులో పనిచేశాడు. అతనిది సిలికోసిస్. రాతి ధూళి తెచ్చిన మచ్చలు పని మానినా పెరుగుతూ పోవచ్చు. దాని మీద టీబీ ముప్పు కూడా ఎక్కువ. చట్టం ప్రకారం ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బు ఇది, పరిహారం అతని హక్కు. ఆ హక్కు సంగతి అతనికి ఎవరో ఒకరు చెప్పాలి. అతని పక్కనున్నామె వేళ్ల కణుపులు వాచి వంకర్లు పోయాయి. కీళ్లవాతమే ఆమె ఊపిరితిత్తుల్లోకీ పాకింది. గుండె లయకు వాడే అమియోడరోన్, మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు వాడే నైట్రోఫ్యురాంటోయిన్ వంటి మందుల వల్ల జబ్బు తెచ్చుకున్నవారూ ఉంటారు. వెన్ను వంకరగా పెరిగిన ఆ కుర్రాడి ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయి, వాటిని పొదిగిన ఎముకల గూడే విచ్చుకోదు. కండరాలు చచ్చుబడినా, స్థూలకాయం అడ్డుపడినా అంతే. అలాంటివారికి రాత్రిపూట మాస్కు ద్వారా గాలినందించే యంత్రం ఊరటనిస్తుంది.

డెబ్బై దాటిన ఆ పెద్దాయనకు ఏ కారణమూ దొరకలేదు. ఆయనది ఇడియోపథిక్ పల్మనరీ ఫైబ్రోసిస్. మందు లేని రోజుల్లో, జబ్బు బయటపడ్డాక సగం మంది మూడు నుంచి ఐదేళ్లకు మించి బతికేవారు కాదు. దీనికి స్టెరాయిడ్లు, అజథయోప్రిన్ కలిపి ఇస్తే మేలు బదులు కీడే ఎక్కువని 2012లో తేలింది. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే రెండు మందులకు 2014లో అమెరికా అనుమతి వచ్చింది. ఇవి పడిన మచ్చను మాపలేవు, జబ్బు ముదిరే వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి. మొదటిది వాడేవారు ఎండ తగలకుండా చూసుకోవాలి. రెండోదానితో విరేచనాలు పట్టుకోవచ్చు. రెండింటికీ కాలేయ పరీక్షలు తప్పవు.

సాయంత్రానికి ఆమె సీటీ స్కాన్ కంప్యూటర్ తెర మీదికి వస్తుంది. ఊపిరితిత్తుల డాక్టరు, రేడియాలజిస్టు, కీళ్లవాత నిపుణుడు ఒకే గదిలో కూర్చుని చూస్తారు. అక్కడక్కడ మంచు కమ్మిన అద్దంలా మసక, పక్కనే గాలి చిక్కుకుపోయిన నల్లటి మచ్చలు. అడుగున కొద్దిగా గీతలు. తేనెపట్టు ఆకారంలో గూళ్లు కట్టిన శాశ్వత మచ్చలు మాత్రం లేవు. అంటే వాపు ఇంకా ఉంది. వాపు తగ్గే అవకాశం ఉంది.

డాక్టర్ తల్లీకొడుకులను ఎదురుగా కూర్చోబెట్టి చెబుతుంది. "మొదటి మందు కూలర్ తీసేయడం. గడ్డి మార్చి మళ్లీ పెట్టడం కాదు, ఆ గదిలోంచే తీసేయాలి. అది చేయకుండా నేనెన్ని మాత్రలిచ్చినా దండగే." వాపు తగ్గించే స్టెరాయిడ్ ప్రెడ్నిసోలోన్ రాస్తుంది. షుగరు, బీపీ, ఎముకల మీద కన్నేసి ఉంచాలంటుంది. అవసరమైతే తర్వాత మైకోఫెనోలేట్. ఫ్లూ, న్యుమోనియా టీకాలు. నడిచేటప్పుడు ఆక్సిజన్. ఫిజియోథెరపీ గదిలో ఊపిరి కసరత్తు. మూడు నెలలకు మళ్లీ ఊదుడు పరీక్ష. అప్పటికీ మచ్చలు పెరుగుతుంటే నింటెడానిబ్. అన్నీ విఫలమైనవారికి ఊపిరితిత్తుల మార్పిడి ఉంది, దానికి అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి.

"నేను మళ్ల బిందె ఎత్తుతనా మేడం?"

"పోయినదంతా వస్తుందని చెప్పలేనమ్మా. ఇకముందు పోకుండా ఆపడానికి మాత్రం ఇంకా సమయముంది."

ఈ జబ్బులన్నిటిలోనూ అన్నిటికంటే విలువైనది ఆ సమయమే. ఇలాంటివారు ఎందరో వయసు మీద పడిందనుకునీ, ఉబ్బసమనుకునీ దాన్ని పోగొట్టుకుంటున్నారు. ఎనిమిది వారాలు దాటిన పొడి దగ్గు, నిరుడు లేని ఆయాసం, వంపు తిరుగుతున్న గోళ్లు మీకో మీ ఇంట్లోవాళ్లకో కనబడితే స్పైరోమెట్రీ చేయమని మీరే అడగండి. ఇన్‌హేలర్ ఎన్ని నెలలు వాడినా గుణం కనబడకపోతే ఛాతీ సీటీ అవసరమా అని అడగండి. డాక్టర్ గదిలోకి వెళ్లేముందే రాసి పెట్టుకోండి: చేసిన పనులన్నీ, పీల్చిన ధూళి, బాల్కనీలో పావురాలు, గోడ మీది బూజు, మంచం పక్కన కూలర్, మింగుతున్న ప్రతి మాత్ర. ఎవరూ అడగకపోయినా ఆ కాగితం బల్ల మీద పెట్టండి.