పచ్చికబయలు – సర్కారు తుమ్మ

చెట్టు నాటుట పుణ్యకార్యమని మన పెద్దల మాట. అశోకుడు బాటల కిరుప్రక్కల మర్రిచెట్లు నాటించెనని బాల్యమున చదువనివారు మనలో లేరు. 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవమును ఆరంభించిన నాటినుండి, వానకాలము రాగానే ప్రభుత్వ కార్యాలయముల ఆవరణలలో మొక్కలు నాటుట ఆచారమైనది. అయితే చెట్టునీడ సోకిన క్షీణించు మొక్కలును సృష్టిలో కలవు. వాటి చరిత్రకు మన తెలుగుసీమతోను, మనము ఉద్యోగరీత్యా నివసించు ఈ కలకత్తాతోను సంబంధము కలదు.

రాయలసీమయందును దక్కను పీఠభూమియందును వాన తక్కువ. అచ్చటచ్చట ఒక తుమ్మయో రేగుపొదయో తప్ప తక్కిన నేలయంతయు గడ్డిగానుండు బయళ్లు అచ్చట కలవు. వీటిని శాస్త్రజ్ఞులు సవన్నాలందురు. ఇండ్ల కప్పులకు వాడు బోద, వినాయకునికి ప్రీతికరమైన గరిక, వెంపలి, పల్లేరు మున్నగునవి ఎండను కోరు మొక్కలు. ఇట్టి బయళ్ల గడ్డిజాతులలో పెక్కింటికి తీవ్రమైన ఎండలో ఆహారము సమర్థముగా తయారుచేసికొను నేర్పు కలదు. పసులు మేసినను, వేసవిమంట సోకినను మొదలునుండి మరల చిగుర్చును; నీడను మాత్రము సహింపలేవు. శివాలిక్ కొండలలో లభించిన ఆధారములనుబట్టి, ఈ జాతులు సుమారు 80 లక్షల నుండి 60 లక్షల యేండ్లకు పూర్వమే మన ఉపఖండమున విస్తరించెనని తేలినది. అనగా ప్రతి పచ్చికబయలును మానవుడు నరికి పాడుచేసిన అడవి కాదు.

ఇక చరిత్రకు వత్తము. 1770 నాటి వంగదేశపు మహాక్షామము ప్రజలను తుడిచిపెట్టెను. ఆ స్మృతి ఇంకను మాయక ముందే, కరవుకాలమున ఆదుకొను మొక్కలను పెంచవలెనని కర్నల్ రాబర్ట్ కిడ్ తలపోసి, 1787లో హుగ్లీనది ఆవలియొడ్డున శిబ్‌పూర్ తోటను నెలకొల్పెను. 1781 నుండి మన సామర్లకోటలో వృక్షపరిశోధన సాగించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఆ తోటకు అధిపతియై వచ్చెను. ఉత్తర సర్కారులలోని కరవును కన్నులార చూచినవాడగుటచే ఆతడును ఆహారమునిచ్చు చెట్లను నాటవలెనని సూచించెను. ఇట్లు చెట్టు నాటుట కరవునకు మందుగా భావింపబడెను. ఆ భావన దయతో కూడినదే.

తరువాత 1864లో ప్రభుత్వము అటవీశాఖను ఏర్పరచెను. 1865, 1878 సంవత్సరములలో అటవీచట్టములును, 1882లో మద్రాసు అటవీచట్టమును వచ్చెను. కలప నీయనిది అడవి కాదు, శిస్తు రానిది సాగుభూమి కాదు. ఈ రెంటి నడుమ చిక్కిన గడ్డినేలకు దస్త్రములలో దక్కిన పేరు 'బంజరు'. 1876లో మద్రాసు రాజధాని అటవీశాఖాధికారి కర్నల్ బెడ్డోమ్, మెట్టసీమలలో పెంచుటకై అమెరికాఖండపు ముండ్లచెట్టు గింజలను తెప్పింపుమని ప్రభుత్వమునకు వ్రాసెను. 1877లో కడపజిల్లా కమలాపురము ప్రాంతమున అవి నాటబడెను. దీనినే మనవారు సర్కారు తుమ్మ అని పిలిచిరి. ఎవరు తెచ్చిరో ఆ పేరే చెప్పుచున్నది!

ఆ చెట్టు వేరు మిక్కిలి లోతునకు పోవును. తీయని కాయలను పసులు తిని, గింజలను పేడద్వారా ఊరూర వెదజల్లును. నరికినకొలది మొదలు గుబురుగా చిగుర్చును. క్రమముగా కొమ్మలు కలిసి నీడ పరచుకొనగా, క్రింద గడ్డి పలుచబడును. గడ్డి పలుచబడిన చోట మంట వ్యాపింపదు. మంట లేనిచోట చెట్ల పిల్లలు నిరాటంకముగా పెరుగును. నీడ మరింత చిక్కనగును. ఇట్లొకసారి మొదలైన మార్పు తనంత తానే సాగును. మొదట నష్టపోవునది గొఱ్ఱెలకాపరి. ఆ పిదప పచ్చికయందు బ్రతుకు కృష్ణజింక, బట్టమేకపిట్ట. 1988లో కర్నూలుసీమలో రోళ్లపాడు అభయారణ్యమును ఏర్పరచినది ఇట్టి పచ్చికబయలు ప్రాణులకొరకే. దాని పేరులో అరణ్యమున్నను, అది కాపాడవలసినది గడ్డినే.

సర్కారు తుమ్మను కేవలము నిందించుటయు న్యాయము కాదు. దాని కట్టెతో, బొగ్గుతో పొయ్యి వెలిగించుకొన్న పేదకుటుంబములు అనేకములు. అడవిని అడవిగా కాపాడుటయు అవశ్యకర్తవ్యమే. కాని 1952, 1988 సంవత్సరముల అటవీవిధానములు దేశభూభాగమున మూడవవంతు వృక్షచ్ఛాయలో నుండవలెనని కోరినప్పుడు, ఆ లెక్క పూర్తిచేయుటకు ఖాళీగా కనబడినది తరచు పచ్చికబయలే. జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ మున్నగు శాస్త్రజ్ఞులు 2011, 2016 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములలో, ఆసియాలో అడవులుగా ఎంచబడు పెక్కు ప్రదేశములు నిజమునకు ప్రాచీనములైన సవన్నాలేయని వాదించిరి.

ఏ నేలలో ఏది సహజముగా మొలచెనో తెలిసికొనుటకు పాతలిఖితములే శరణ్యము. రాక్స్‌బర్గ్ మన దేశీయ చిత్రకారులచే వ్రాయించిన రెండువేల అయిదువందలకు పైబడిన వృక్షచిత్రములు శిబ్‌పూర్‌లో భద్రముగా నున్నవి. వాటిలో మన కోరమాండల్ తీరపు మొక్కలు అనేకములు కలవు. ఆ తోటలోని మహావటవృక్షమును చూచి అబ్బురపడని తెలుగువాడుండడు. ఆ చెట్టుతోపాటు మన సీమ గడ్డిపరకయు ఆ ఊరనే పదిలపరుపబడినదని మన పిల్లలకు చెప్పవలెను. దస్త్రములతో నిత్యమును పనిచేయు మనకు ఒక్కపదము విలువ తెలియును. ఒక నేలను 'బంజరు' అని వ్రాయుటకు ముందు, అచ్చట ఏమి మొలచుచున్నదో వంగి చూచుట ధర్మము.