ఇంటి గుట్టు, సైకిల్ పందెం

ఫ్రెంచి భాషలో 'దొమెస్తీక్' అంటే పనిమనిషి. అంట్లు తోమే, నీళ్ళు తోడే, పిలిస్తే పలికే మనిషి. వృత్తి సైకిల్ పందేలలో ఒక హోదాకి కూడా అదే పేరు. జట్టు నాయకుడికి గాలి తగలకుండా అడ్డం ఉండేవాడు, వెనక కారు దగ్గరికెళ్ళి నీళ్ళ సీసాలు జెర్సీలో కుక్కుకుని తెచ్చేవాడు, నాయకుడి సైకిల్ చెడిపోతే తన సైకిల్ ఇచ్చి రోడ్డు పక్కన నిలబడేవాడు దొమెస్తీక్. మన పత్రికల్లో ఆటల గురించి రాసుకున్నది బహు తక్కువ. మగవాళ్ళ వ్యవహారమని వదిలేశాం. ఈ మాట తగిలాక నాకు వదిలేయబుద్ధి కాలేదు.

మాట పుట్టుక కూడా తిట్టుగానే. 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు ఆంరీ దెగ్రాంజ్‌కి తన పందెం ఒంటరి వీరుల పోరుగా ఉండాలని పట్టుదల. 1911లో మోరిస్ బ్రొకో అనే ఆటగాడు తన గెలుపు ఆశ పోయాక డబ్బు తీసుకుని మరో ఆటగాడికి సాయం చేశాడు. దెగ్రాంజ్ మండిపడి అతన్ని పనిమనిషితో సమానం అన్నాడు. మర్నాడు బ్రొకో కసితో తొక్కి, కొండలెక్కి, అందరికంటే ముందు గమ్యం చేరాడు. అంత సత్తా ఉండి నిన్న ఎందుకు దాచావని ఆయన్ని పందెంనుంచే తీసేశారు. సేవ చేస్తే తిట్టు, గెలిస్తే వెలి. ఈ లెక్క మనకి కొత్త కాదు.

పనిమనిషి లేకపోతే ఈ ఆట ఎందుకు సాగదో తెలియాలంటే ఆషాఢ మాసంలో పట్టిసీమ నుంచి పోలవరం వైపు ఏటిగట్టు మీద సైకిల్ తొక్కాలి. పడమటి గాలి గోదావరి మీంచి ఎదురు కొడుతుంది. బడినుంచి వచ్చే ఆడపిల్లలు, ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ళ మీద, ఒకరి వెనక ఒకరు వరసగా పోతారు. ముందున్న పిల్లకి ఆయాసం, వెనకున్న పిల్లలకి కబుర్లు. కాసేపటికి ముందున్న పిల్ల పక్కకి తప్పుకుని వెనక్కి వస్తుంది, రెండో పిల్ల ముందుకెళ్తుంది. వాళ్ళకెవరూ నేర్పలేదు. ముందున్నవాళ్ళ నీడలో తొక్కితే గాలి ఒత్తిడి మూడో వంతుకు పైగా తగ్గుతుందని లెక్కలు కట్టారు. వృత్తి పందెంలోనూ ఇదే సూత్రం. ఒక్క తేడా, అక్కడ వంతులు ఉండవు. జట్టుకి ఎనిమిది మంది (2017 దాకా తొమ్మిది మంది). ఇరవై ఒక్క రోజుల పరుగు, మూడు వేల కిలోమీటర్ల పైన దారి. గెలవాల్సినవాడు ఒకడే. మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గాలికెదురు తొక్కి, ఒళ్ళు హూనమయ్యాక వెనకబడిపోతారు. చివరి కొండ మీద నాయకుడు ఒంటరిగా కనిపిస్తాడు. ఫొటో అదే.

ఇక మందుల సంగతి. మా డెల్టాలో పుట్టినవాళ్ళకి పందెమూ అనుమానమూ జంటగానే తెలుసు. సంక్రాంతికి బరిలో కోడి ఓడితే ఎదుటి కోడికి ఏదో పెట్టార్రా అనకుండా ఇంటికెళ్ళే మగవాణ్ణి నేను చూడలేదు. ఆ కోడికి నెలల తరబడి బాదంపప్పు నూరి, కైమా కొట్టి పెట్టింది ఇంట్లో ఆడవాళ్ళు. ఏం పెట్టారో, ఏం కలిపారో వాళ్ళకి తెలుసు. బరి దగ్గరికి మాత్రం వాళ్ళు రారు. ఈ అమరికని గుర్తుపెట్టుకోమని నా మనవి.

సైకిల్ పందెంలో మందులు నిన్న మొన్నటివి కావు. 1924లో ఆంరీ పెలిస్యే, ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ టూర్ మధ్యలో మానేసి, కూతాన్స్ అనే ఊళ్ళో ఆల్బేర్ లోంద్ర్ అనే విలేకరి ముందు సంచులు విప్పి చూపించారు. కళ్ళకి కొకైన్, చిగుళ్ళకి క్లోరోఫాం, రకరకాల మాత్రలు. ఆ కథనం చరిత్రలో నిలిచిపోయింది. అదే ఏడాది, అదే వేసవిలో, ఇటలీ దేశపు పందెం జీరోలో అల్ఫోన్సీనా స్ట్రాదా అనే ఆమె పాల్గొంది. జాబితాలో పేరు చివరి అక్షరం లేకుండా పడింది, చదివినవాళ్ళకి మగ పేరు అనిపించేలా. గాలివానలో పడి హ్యాండిల్ విరిగితే చీపురు కర్ర కట్టుకుని తొక్కింది. గడువు దాటి వచ్చిందని ఆమెని లెక్కలోంచి తీసేశారు, కానీ జనం ఆమెని చూడ్డానికి వస్తున్నారు కాబట్టి తొక్కనిచ్చారు. తొంభై మంది బయల్దేరితే ముప్పై మందే మిలాన్ చేరిన పందెంలో ఆమె కూడా చివరిదాకా తొక్కింది. తర్వాతి ఏడాది దరఖాస్తు తీసుకోలేదు. 1924 అనగానే మందుల సంచి గుర్తొచ్చినంతగా చీపురు కర్ర గుర్తురాదు ఎవరికీ.

నడుమ చరిత్ర త్వరగా దాటేస్తాను. 1966లో టూర్‌లో తొలిసారి పరీక్షలు చేస్తే ఆటగాళ్ళు సైకిళ్ళు దిగి నిరసన చెప్పారు. 1967 జూలై 13న ఇంగ్లండు ఆటగాడు టామ్ సింప్సన్ మోఁ వాంతూ కొండ మీద పడి చనిపోయాడు, ఒంట్లో ఉత్తేజకాలు ఉన్నాయి. తొంభైలలో ఇ.పి.ఓ. వచ్చింది. కిడ్నీ రోగుల రక్తహీనతకి ఇచ్చే మందు అది. ఎర్ర కణాలు పెంచుతుంది, ఊపిరి నిలుస్తుంది. 1998లో ఫెస్తినా జట్టు సహాయకుడు సరిహద్దు దగ్గర కారు నిండా మందులతో దొరికాడు. దాన్ని పట్టే పరీక్ష 2000 దాకా లేదు.

అందరికీ తెలిసిన ఈ సంగతి ఎవరూ ఎందుకు చెప్పలేదు? అక్కడివాళ్ళు దీనికి ఇటలీ మాఫియా మాట వాడతారు, ఒమెర్తా అని. నాకు మన మాటే సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది: ఇంటి గుట్టు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెతలో లంక ఎవరి తప్పు వల్ల కాలిందో ఉండదు. చెప్పినవాడిదే నేరం.

1999 నుంచి 2005 దాకా ఏడుసార్లు టూర్ గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ లోకానికి తెలుసు. కాన్సర్‌ని జయించి వచ్చిన వీరుడు. ఆ ఇంట్లో పనిచేసినామె ఎమ్మా ఓరైలీ. ఐర్లండు నుంచి వచ్చింది. ఎలక్ట్రీషియన్‌గా శిక్షణ పొంది, తర్వాత మర్దన నేర్చుకుంది. 1996లో యు.ఎస్. పోస్టల్ జట్టులో చేరింది. ఆమె ఉద్యోగాన్ని స్వాన్యూర్ అంటారు. కాళ్ళు మర్దన చెయ్యాలి, అన్నం పొట్లాలు కట్టాలి, బట్టలుతకాలి, గమ్యం దగ్గర తువ్వాలుతో నిలబడాలి. ఫ్రెంచిలో ఆ మాటకి సంరక్షకుడని అర్థం. జట్టులో దొమెస్తీక్‌ల కింద కూడా ఒక అంతస్తు ఉందన్నమాట.

ఆ అంతస్తు నుంచి ఆమె చూసింది. వాడేసిన సిరంజిల సంచి పారెయ్యమంటే పారేసింది. 1999 మే నెలలో స్పెయిన్ దాకా కారు తోలుకెళ్ళి మాత్రల సీసా తెచ్చి, నీస్ దగ్గర ఒక మెక్‌డొనాల్డ్స్ కార్ల స్థలంలో ఆయన చేతికిచ్చింది. ఆ ఏడాది టూర్‌కి ముందు చేతి మీద సూది మచ్చ కనబడకుండా పూసుకోవడానికి ఆయన ఆమె మేకప్ అడిగాడు. ఆ పందెంలోనే పరీక్షలో కార్టికోస్టెరాయిడ్ బయటపడితే, పుండుకి రాసుకునే క్రీముకని వెనక తేదీతో చీటీ రాయిద్దామని మాట్లాడుకుంటున్నప్పుడు ఆమె అదే గదిలో ఆయనకి మర్దన చేస్తోంది. పనిమనిషి ముందు మాట్లాడుకోడానికి ఎవరూ సందేహించరు కదా. ఆమె ఉన్నట్టే లెక్క కాదు.

2000లో ఆమె జట్టు వదిలింది. డేవిడ్ వాల్ష్, పియేర్ బలెస్తెర్ అనే ఇద్దరు విలేకరులకి తన పేరుతోనే చెప్పింది. 2004లో ఫ్రాన్సులో పుస్తకం వచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆమె మీద కేసులు వేశాడు. తాగుబోతు అన్నాడు. ఒంటిని అమ్ముకునేదన్న అర్థం వచ్చే మాట అన్నాడు, 2005లో ప్రమాణం చేసి వాంగ్మూలం ఇస్తూ కూడా. మందుల గురించి సాక్ష్యం చెప్పిన మనిషికి ఆ తిట్టుతో ఏం సంబంధం? పంచాయితీలో, కోర్టులో, ఆఫీసులో నోరు విప్పిన ఏ ఆడమనిషికైనా మొదట తగిలే రాయి అదే. విషయం ఏదైనా సరే.

రెండో సాక్షి బెట్సీ ఆండ్రూ, జట్టు సభ్యుడి భార్య. 1996 అక్టోబరులో ఇండియానాపొలిస్ ఆసుపత్రి గదిలో డాక్టర్లు అడిగితే ఆర్మ్‌స్ట్రాంగ్ తను వాడిన మందుల పేర్లు చెప్పడం తన చెవులతో విన్నానని ఆమె 2005లో ప్రమాణం మీద చెప్పింది. ఆమెకి పిచ్చి అన్నారు. అసూయ అన్నారు. ఆమె ఏడేళ్ళు అదే మాట మీద నిలబడింది. 2012 అక్టోబరులో అమెరికా సంస్థ నివేదిక వచ్చింది. ఇరవై ఆరు మంది సాక్షులు, వాళ్ళలో పదకొండు మంది జట్టు సభ్యులు. మగవాళ్ళు ప్రమాణం చేసి చెప్పాక అది చరిత్ర అయింది. ఎమ్మా, బెట్సీ చెప్పినప్పుడు అది పుకారు.

ఎమ్మా తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్‌ని క్షమించింది. 2014లో ఆమె రాసిన పుస్తకానికి ముందుమాట ఆయనదే. నాకిది మింగుడుపడదు. తిట్టినవాడి సంతకం మన పుస్తకానికి ఎందుకనిపిస్తుంది. కానీ ఆమె మోసిన పదేళ్ళు నేను మొయ్యలేదు.

సరే, ఆడవాళ్ళ ఆటల్లో అనుమానం ఎటు వాలుతుంది? 2000లో సిడ్నీలో మా శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. నాలుగేళ్ళ తర్వాత ఏథెన్సులో ఆమె వెన్ను నొప్పితో పోటీ ముగించలేకపోయింది. అదే ఏథెన్సులో ఇద్దరు భారత మహిళా వెయిట్‌లిఫ్టర్లు మందుల పరీక్షలో పట్టుబడ్డారు. వాళ్ళ పేర్లు అందరూ రాశారు. ఆడపిల్లల శిబిరాల్లో ఏం తినాలో, ఏ సూది వేసుకోవాలో ఎవరు నిర్ణయిస్తారన్నది మాత్రం లోపలి పేజీ వార్తగా మిగిలింది.

కెనడా సైకిల్ క్రీడాకారిణి జెనెవియేవ్ జాన్సన్ కథ ఆ ప్రశ్నకి ఒక జవాబు. 1999లో జూనియర్ ప్రపంచ పోటీల్లో రెండు బంగారు పతకాలు తెచ్చిన పిల్ల. ఎన్నో ఏళ్ళు కాదని బొంకి, 2007లో ఒప్పుకుంది. పదహారో ఏటినుంచే ఇ.పి.ఓ. ఇచ్చారని, శిక్షకుడు కొట్టేవాడని చెప్పింది. తర్వాత ఆ శిక్షకుడికీ డాక్టరుకీ జీవితకాల నిషేధం, ఆమెకి పదేళ్ళు. ఆర్మ్‌స్ట్రాంగ్ మందు వాడడమూ ఈ పిల్ల మందు వాడడమూ నియమావళిలో ఒకటే నేరం. ఒకడు జట్టంతటినీ గుప్పిట్లో పెట్టుకున్నవాడు, ఒకతె మరొకరి గుప్పిట్లో ఉన్నది. రక్త పరీక్షలో అది కనబడదు.

వద్దన్నవాళ్ళూ ఉన్నారు. వేల్స్ అమ్మాయి నికోల్ కుక్ 2008లో ఒలింపిక్స్ రోడ్డు పందెం, ప్రపంచ టైటిల్ ఒకే ఏడాది గెలిచింది. 2013 జనవరి 14న, ఇరవై తొమ్మిదేళ్ళకి, ఆట మానేస్తూ పెద్ద ప్రకటన చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ టీవీలో ఓప్రా ముందు ఒప్పుకున్నదీ ఆ వారమే. తొలి రోజుల్లోనే జట్టు ఇంట్లో ఫ్రిజ్‌లో కనిపించిన మందుల సంగతి, తను కాదన్న సంగతి, జీతాలు ఎగ్గొట్టిన జట్ల మీద చేసిన న్యాయపోరాటాల సంగతి అందులో ఉన్నాయి. దొంగలు ఒప్పుకోలు పుస్తకాలు రాసి సంపాదించుకుంటారు, నిజాయితీగా తొక్కినవాళ్ళకి రావలసిన జీతం రాదు అన్నది ఆమె బాధ. ఆమె ఒప్పుకోవడానికి నేరం ఏదీ లేదు, అందుకే ఆ వారం పేపర్లలో ఆయనే నిండిపోయాడు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 1984లో ఆడవాళ్ళకి తొలిసారి టూర్ పెట్టినప్పుడు గెలిచిన మరియాన్ మార్టిన్‌కి వెయ్యి డాలర్లు దక్కాయి, మగ విజేతకి లక్షకు పైగా. ఆ పందెం ఆ రూపంలో 1989తో ఆగిపోయింది. వేరే పేర్లతో కుంటుకుంటూ నడిచినవి నడిచాయి. నిర్వాహకులు మళ్ళీ సొంతంగా ఆడవాళ్ళకి టూర్ పెట్టింది 2022లో, ఎనిమిది రోజులు. విజేతకి యాభై వేల యూరోలు, మగవాడికి ఐదు లక్షలు. పెద్ద మహిళా జట్లలో కనీస వేతనం నియమం వచ్చిందే 2020లో.

డబ్బొచ్చింది, కెమెరాలొచ్చాయి, దాంతోబాటు దొమెస్తీకూ వచ్చింది. 2024 టూర్ ఐదో రోజు పసుపు జెర్సీలో ఉన్న డెమీ వోలరింగ్ గమ్యానికి ఆరేడు కిలోమీటర్ల ముందు కింద పడింది. ఆమె కోసం జట్టు ఆగలేదు. ఆ రోజు పందెం గెలిచింది ఆమె జట్టులోనే ఉన్న హంగరీ అమ్మాయి బ్లాంకా వాస్, ఇరవై రెండేళ్ళది. పడిన సంగతి ఎంత తీవ్రమో సమయానికి తెలియలేదని జట్టు చెప్పుకుంది. వోలరింగ్ అప్పటికే మరో జట్టుకి వెళ్ళబోతోందన్న మాట అందరి నోటా ఉంది. చివరి రోజు ఆల్ప్ దుయేజ్ కొండ మీద ఆమె అందరికంటే ముందు వచ్చినా, మొత్తం లెక్కలో కాషా నియవియడోమా నాలుగు సెకన్ల తేడాతో టూర్ గెలిచింది.

వాస్ ఆగాల్సిందని చాలామంది అన్నారు. నాయకురాలు ఓడితే తిట్టడానికి ఒక పనమ్మాయి కావాలి. జట్టు సూత్రం ప్రకారం వాళ్ళన్నది సబబే కావచ్చు. ఏటిగట్టు మీద పిల్లల్లా వంతులుంటే నేనూ అలాగే అనేదాన్ని. వంతులు లేనిచోట, ఇరవై రెండేళ్ళకి ఒక్కసారి గీత ముందు కనబడితే, ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడాలని నేను అనలేను. 1911లో బ్రొకోని పందెంనుంచి తీసేసినట్టు ఆమెని ఎవరూ తీసెయ్యలేదు. ఆ రోజు విజేతగా ఆమె పేరు అలాగే ఉంది, ఎవరూ కొట్టెయ్యలేదు.