హోదా మారకున్నా స్కేలు మారుతుంది

విశాఖపట్నం: డీఎస్సీలో నెగ్గి సెకండరీ గ్రేడు ఉపాధ్యాయులుగా (ఎస్జీటీ) చేరి, ఏళ్ల తరబడి అదే హోదాలో కొనసాగేవారు ఎందరో. జిల్లా 2022 ఏప్రిల్‌ 4న మూడుగా విడిపోయినా, 2025 మెగా డీఎస్సీ నియామకాలు ఉమ్మడి విశాఖ యూనిట్‌గానే జరిగాయి. కొత్తవారి ముందున్న మెట్లు ఇవీ.

మూలవేతనం: 2022 వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ స్కేలు రూ.32,670-1,01,970. స్కూల్‌ అసిస్టెంటుకు రూ.44,570-1,27,480. ఉన్నత పాఠశాల గ్రేడ్‌-2 ప్రధానోపాధ్యాయునికి రూ.54,060-1,40,540. కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. అదే సవరణలో అద్దె భత్యాన్ని విశాఖ నగరంలో 16 శాతంగా, పల్లెల్లో 10 శాతంగా నిర్ణయించారు. ఆ లెక్కన కొత్త ఎస్జీటీకి నగరంలో రూ.5,227, పల్లెలో రూ.3,267 అందుతుంది.

పదోన్నతి: 2009 సర్వీసు నిబంధనల మేరకు స్కూల్‌ అసిస్టెంటు పోస్టుల్లో 70 శాతం పదోన్నతులతో, 30 శాతం ప్రత్యక్ష నియామకాలతో భర్తీ చేయాలి. పదోన్నతికి సీనియారిటీతోపాటు డిగ్రీ, బీఈడీ ఉండాలి. ప్రధానోపాధ్యాయ హోదాకు శాఖాపరమైన పరీక్షలు కీలకం.

ఆటోమేటిక్‌ అడ్వాన్స్‌మెంట్‌: పదోన్నతి రాకపోయినా సర్వీసును బట్టి పై స్కేలు ఇచ్చే పథకమిది. 2005 సవరణలో ఇది 8, 16, 24 ఏళ్లకు వర్తించేది. 2010లో 6, 12, 18, 24 ఏళ్లుగా మార్చారు. 2022లో 30 ఏళ్ల మెట్టు చేరింది. అయితే 12 ఏళ్ల స్కేలుకు పై పోస్టు అర్హతలు తప్పనిసరి.

టెట్‌ చిక్కు: రాష్ట్రంలో తొలి టెట్‌ 2011లో జరిగింది. అంతకుముందు డీఎస్సీల్లో చేరినవారికి ఆ అవసరం లేకపోయింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పరిస్థితిని మార్చింది. పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువున్నవారు రెండేళ్లలో టెట్‌ నెగ్గాలని, లేకుంటే కొలువులో కొనసాగరాదని పేర్కొంది. అయిదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు, కానీ టెట్‌ లేనిదే పదోన్నతికి అనర్హులు. విరమణ వయసు 62 లెక్కన, తీర్పు నాటికి 57 ఏళ్లు నిండనివారికి ఈ షరతు తగులుతుంది. 150 మార్కుల పరీక్షలో జనరల్‌ అభ్యర్థులు 90, బీసీలు 75, ఎస్సీ, ఎస్టీలు 60 తెచ్చుకోవాలి.

పాతికేళ్లుగా పిల్లలకు పరీక్షలు పెట్టిన పంతులు ఇప్పుడు తన కొలువు కోసం తానే పరీక్ష రాయాల్సి వస్తోంది. విద్యార్హతలు, పరీక్షల ఉత్తీర్ణత వివరాలు ఎప్పటికప్పుడు సర్వీసు రిజిస్టరులో నమోదయ్యేలా చూసుకుంటే స్కేలు మంజూరులో జాప్యం తప్పుతుంది.