రూపాయి వెండిని విడిచిన కథ

బట్టను కొలుచుటకు గజము, ధాన్యమును కొలుచుటకు కుంచము ఉన్నట్లే విలువను కొలుచుటకు నాణెము ఉన్నది. గజము పొడవు ఏటేట మారుచుండినచో బట్టల వ్యాపారము ఏమగును? విలువను కొలిచెడి కొలతయే మారినచో కలుగు చిక్కులు అంతకంటె పెద్దవి. 19వ శతాబ్ది చివర మన రూపాయికి అట్టి దశయే పట్టినది.

1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతములన్నిటికిని ఒకే రూపాయిని ఏర్పరచెను. దాని బరువు 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. అందులో 165 గ్రెయినులు శుద్ధమైన వెండి. తక్కినది గట్టిదనమునకై కలిపిన లోహము. వెండి గలవారెవరైనను దానిని టంకశాలకు కొనిపోయి, కొద్ది రుసుము చెల్లించి, రూపాయలుగా కొట్టించుకొనవచ్చును. దీనినే స్వేచ్ఛా టంకణము అందురు.

ఈ ఏర్పాటులో ఒక చమత్కారము కలదు. వెండికంటె రూపాయి ప్రియమైనచో జనులు వెండిని టంకశాలకు చేర్చెదరు. రూపాయలు పెరిగి వాని విలువ తగ్గును. వెండి ప్రియమైనచో రూపాయలను కరగించెదరు; రూపాయలు తగ్గి వాని విలువ పెరుగును. ఏ అధికారియు ఆజ్ఞాపింపకుండగనే త్రాసు తనంతట తాను సరిపడుచుండెను.

కాని ఈ త్రాసు రూపాయిని వెండికి మాత్రమే కట్టి ఉంచెను. ఇంగ్లండు నాణెము బంగారమునకు కట్టబడి ఉండెను. 1870 ప్రాంతమున రూపాయికి రెండు షిల్లింగులకు, అనగా 24 పెన్నీలకు, కొంచెము తక్కువగా వచ్చుచుండెను. ఆ తరువాత వెండి వెల జారసాగెను. అమెరికాలోని నెవాడా గనులనుండి వెండి విస్తారముగా బయలుదేరెను. అదే సమయమున జర్మనీ బంగారు నాణెమును స్వీకరించి తన పాత వెండిని అమ్మివేయసాగెను. ఫ్రాన్సు మొదలగు దేశములు 1874లో వెండి టంకణమును పరిమితము చేసి, 1878లో ఆపివేసెను. సరకు పెరిగినది, కొనువారు తగ్గిరి. ఔన్సుకు సుమారు 60 పెన్నీలున్న వెండి 1892 నాటికి 40 పెన్నీలకు దిగెను. వెండితోపాటు రూపాయియు దిగెను.

దీనివలన అందరును నష్టపడలేదు. రూపాయి చౌకయైనందున మన ఎగుమతులకు విదేశములలో గిరాకి పెరిగెను. నష్టము ప్రభుత్వ ఖజానాకు తగిలెను. భారత ప్రభుత్వము ఏటేట లండనులో అప్పులపై వడ్డీలు, ఉద్యోగుల పింఛనులు, సైనిక వ్యయములు బంగారు నాణెములలో చెల్లింపవలసి ఉండెను. వీనికి హోమ్ ఛార్జీలని పేరు. 1892-93లో ఇట్లు పంపిన మొత్తము 1 కోటి 65 లక్షల పౌనులు. ఇందుకు సుమారు 26 కోట్ల 48 లక్షల రూపాయలు పట్టెను. 1873-74 నాటి మారకపు రేటే నిలిచి ఉండినచో 17 కోట్ల 75 లక్షలు సరిపోయెడివి. తేడా 8 కోట్ల 73 లక్షలు.

ఈ లోటును పూడ్చునది ప్రజలే. 1886లో ఆదాయపు పన్ను వచ్చెను. 1888లో ఉప్పుపై సుంకమును 82 పౌనుల మణుగుకు రెండు రూపాయలనుండి రెండున్నర రూపాయలకు పెంచిరి. బర్మా యుద్ధపు ఖర్చుతోపాటు రూపాయి పతనము ఇందులకు కారణము.

1892లో లార్డ్ హెర్షెల్ అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడెను. దాని సలహాపై 1893 జూన్ 26వ తేదీన కలకత్తా, బొంబాయి టంకశాలలు ప్రజల వెండికి మూయబడెను. రూపాయలను కొట్టించు అధికారము ప్రభుత్వమునకే మిగిలెను. వెండికి మిక్కిలి పెద్ద కొనుగోలుదారు తప్పుకొనుటతో దాని వెల మరింత కూలెను. అప్పటికే బ్యాంకుల పతనముతో కలతపడియున్న అమెరికా, ప్రభుత్వము వెండి కొనవలెనను చట్టమును ఆ సంవత్సరముననే రద్దు చేసెను.

మన పల్లెలలో ఈ మార్పు మరియొక విధముగా తగిలెను. రైతుకు బ్యాంకు లేదు. ఆలి కాళ్ళ కడియములు, మొలనూలు, దండకడియములే అతని నిలువ సొమ్ము. 1876-78 నాటి ధాతు కరువు రాయలసీమ జిల్లాలను మాడ్చినప్పుడు వెండికిని రూపాయికిని విలువలో పెద్ద తేడా లేదు. 1896-97లో మరల కరువు వచ్చునప్పటికి ఆ దారి మూసుకొనిపోయెను. అదే కడియము, అదే బరువు. చేతికి వచ్చు రూపాయలు మాత్రము తక్కువ. శిస్తు మాత్రము రూపాయలలోనే కట్టవలెను. రూపాయిని ప్రియము చేయుట రైతుపై కానరాని పన్ను వేయుటయేనని దాదాభాయి నౌరోజీ వాదించెను.

ప్రభుత్వమునకు మాత్రము కోరినది దక్కెను. కొత్త నాణెములు అరుదైనకొలది రూపాయి పైకి లేచి, 1898 నాటికి 16 పెన్నీలను చేరెను. 1899లో ఒక సవరనుకు 15 రూపాయలుగా రేటు స్థిరపడెను. కాని నాణెముల కొరతచే వర్తకులకు వడ్డీలు మండిపోయెను. వెండి నాణెమునే వాడుచున్న చైనాకు నూలు పంపెడి బొంబాయి మిల్లులకు దెబ్బ తగిలెను.

ఇక రూపాయి తనలోని వెండికి మించిన విలువతో చెల్లునది. అది వెండిపై అచ్చొత్తిన నోటు వంటిదని చెప్పవచ్చును. దాని విలువను కాపాడునది లోహము కాదు, ఎన్ని నాణెములు విడుదల చేయవలెనో నిర్ణయించు అధికారి వివేకము. ఆ వివేకమునకు హద్దు ఏది? 1923లో ప్రచురించిన రూపాయి సమస్య అను గ్రంథమున డాక్టర్ అంబేద్కర్ ఈ ప్రశ్ననే లేవనెత్తిరి. విదేశీ మారకపు రేటును నిలుపుటకంటె, దేశములో రూపాయి కొనుగోలు శక్తిని నిలుపుట ముఖ్యమని ఆయన వాదన.

1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పని ప్రారంభించెను. 2016లో దాని చట్టమును సవరించి, ధరల పెరుగుదలను అదుపులో నుంచు లక్ష్యమును అంకెలలో నిర్ణయించుటకు ఏర్పాటు చేసిరి. ఆ సంవత్సరము నిర్ణయించిన లక్ష్యము నూటికి 4. లోహముపై విడిచిన కొలతను గనులు చెరిపినవి. అధికారిపై విడిచిన కొలతను ఖజానా అవసరములు చెరుపగలవు. అందుచే కొలతను పట్టుకొన్న చేతికి చట్టమే హద్దు కావలసివచ్చినది.